సముద్రం రంగు మారితే ఎవరికి చెప్పాలి?

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "సుబేదార్ గారూ, ఈ ఏడు మీరొక పావుగంట మాట్లాడాలి" అన్నారు. "పెన్షన్ గురించా, ఈ.సి.హెచ్.ఎస్. కార్డుల గురించా" అని అడిగాను. "ఆ రెండూ ఏటా ఉన్నవే, ఇంకేదైనా చెప్పండి" అన్నారు. సముద్రంలో పెరిగే నాచు గురించి చెబుతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను.

నేను ఎం.పి.సి.తో ఇంటర్మీడియట్ అత్తెసరు మార్కులతో గట్టెక్కి ఫౌజులో చేరినవాణ్ణి. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్‌లో రాడార్ మీద పనిచేశాను. శాస్త్రవేత్తను కాను. అయినా ఈ విషయం నన్ను చాలా ఏళ్ళుగా వదలలేదు. దానికి కారణం ఒక టెలిగ్రాము. ముందు అది చెప్పి తరువాత నాచు దగ్గరికి వస్తాను.

1997 సెప్టెంబర్. మా యూనిట్ పఠాన్‌కోట్ వైపు ఉండేది. అప్పుడు నేను హవల్దారును. నా కింద ఒక లాన్స్ నాయక్ ఉండేవాడు, తిరువనంతపురం దగ్గర విళింజం కుర్రాడు. వాళ్ళది సముద్రం మీద బతికే కుటుంబం. ఒకరోజు మధ్యాహ్నం అతని పేర టెలిగ్రాము వచ్చింది. తల్లికి సీరియస్, చిప్పి తిని విషం, వెంటనే బయలుదేరు అని. చిప్పి అంటే అక్కడి రాళ్ళకు పట్టుకుని పెరిగే ఆలిచిప్ప. మునిగి కోసుకొస్తారు.

ఇక్కడ కూర్చున్న వాళ్ళలో సగం మంది ఇప్పటికే నవ్వుతున్నారు. నాకు తెలుసు. "మదర్ సీరియస్, స్టార్ట్ ఇమీడియెట్లీ" టెలిగ్రాము మనలో ఎంతమంది ఇంటికి చెప్పి తెప్పించుకోలేదు? పంట కోతలకొకటి, చెల్లెలి పెళ్ళిచూపులకొకటి. ఆ ఏడాది మా బ్యాటరీలో అలాంటివి నాకు గుర్తున్నంతవరకు ఆరు వచ్చాయి. ఆరుగురి తల్లులూ నిక్షేపంగా ఉన్నారు. ఇది ఏడోది. పైగా ఓనం సెలవు దొరకలేదని కుర్రాడు అంతకుముందే ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. "చిప్పలు తింటే విరేచనాలవుతాయి, రెండు రోజుల్లో తగ్గిపోతుంది" అనుకుని ఆ కాగితం నా జేబులోనే పెట్టుకున్నాను. సీనియర్ జె.సి.ఓ. సాబ్ ముందు పెట్టింది మర్నాడు సాయంత్రం. ఈలోగా వారానికొక్కసారి అటు నేరుగా వెళ్ళే హిమసాగర్ ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. కుర్రాడు ఢిల్లీ దాకా వెళ్ళి అక్కడ బండి మారి, జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళాడు.

ఆ నెలలో విళింజంలో ఏడుగురు చనిపోయారు. ఐదువందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఆ తల్లి మాత్రం బతికింది.

తిరిగొచ్చాక కుర్రాడు నన్ను ఒక్క మాట అనలేదు. నేనే అడిగాను ఏం జరిగిందని. "ఉస్తాద్, ముందు పెదవులు తిమ్మిరెక్కాయట. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే ఉంటుందే, అలా. తరువాత వేళ్ళ చివర్లు. నడవబోతే తాగినవాళ్ళలా తూలారట. ఊపిరి అందలేదు." "బాగా ఉడికించలేదేమో" అన్నాను. "చాలాసేపు ఉడికించారు ఉస్తాద్. మా అమ్మ ముప్పై ఏళ్ళుగా వండుతోంది" అన్నాడు.

ఉడికించినా పోని విషం ఏమిటో, వాసన లేదు, రుచి తేడా లేదు, అది చిప్పలోకి ఎలా వచ్చిందో నాకు అప్పుడు తెలియదు. చెప్పేవాళ్ళూ మా చుట్టుపక్కల లేరు. చాలా ఏళ్ళ తరువాత మా అమ్మాయి ఎమ్మెస్సీలో సముద్ర జీవశాస్త్రం తీసుకుని ఇంట్లో పుస్తకాలు పరిచాక తెలిసింది.

సముద్రపు నీటిలో కంటికి కనిపించని మొక్కలుంటాయి. ఒక్కొక్కటీ ఒకే ఒక కణం. వృక్ష ప్లవకాలని పాఠాల్లో రాస్తారు, మనం నాచు అనుకుందాం. చేపలన్నింటికీ అసలు అన్నం అదే. దానితో మామూలుగా ఏ పేచీ లేదు. అడుగు నీరు పైకి తన్నుకొచ్చినప్పుడో, నదులు ఎరువు మోసుకొచ్చినప్పుడో ఒక జాతి ఒక్కసారిగా లక్షలు కోట్లుగా పెరుగుతుంది. దాన్నే ఆల్గల్ బ్లూమ్ అంటారు. పువ్వు పూసినట్టు పేరు. చాలా వరకు హాని లేనివే. కొన్ని నీటిలోని ఆక్సిజన్ తినేసి చేపలను చంపుతాయి. రొయ్యల చెరువులున్న వాళ్ళకు ఇది చెప్పనక్కరలేదు. భీమవరం దగ్గర మా బావ చెరువులో నీరు చిక్కటి ఆకుపచ్చగా ఉంటే సంబరపడతాడు. అదే నాచు ఒక్కసారి చచ్చిందంటే, తెల్లవారుజామున మూడింటికి ఏరియేటర్లు వేసి టార్చిలైటుతో గట్టు మీద తిరుగుతాడు.

ఇంకా కొన్ని, వేల జాతుల్లో చాలా కొద్ది, తమలో విషం తయారుచేసుకుంటాయి. ఆలిచిప్ప రోజంతా నీటిని పీల్చి వడగట్టుకుని తింటుంది. ఆ విషం దాన్ని ఏమీ చేయదు, దాని మాంసంలో పోగుపడుతుంది. అలాంటి వాటిలో ఒకదాని పేరు సాక్సిటాక్సిన్. నరాల్లో సంకేతం నడవకుండా ఆపేస్తుంది. ఊపిరితిత్తులను ఆడించే కండరాలు నిలిచిపోతాయి. దీనికి విరుగుడు మందు లేదు. శరీరం దాన్ని బయటకు పంపేదాకా మిషను పెట్టి ఊపిరి ఆడించడమే వైద్యం. వంద గ్రాముల చిప్పమాంసంలో 80 మైక్రోగ్రాములు దాటితే అమ్మకూడదని చాలా దేశాల్లో నిబంధన. ఒక గ్రాములో పదిలక్షల వంతు ఒక మైక్రోగ్రాము అంటే ఎంత తక్కువో చూడండి.

నావికాదళ సోదరులకు ఒక మాట. ఇది కొత్త రోగం కాదు. 1793 జూన్‌లో కెప్టెన్ వాంకూవర్ దళం, ఇప్పటి కెనడా పడమటి తీరంలో, ఒడ్డున చిప్పలు కాల్చుకు తిన్నారు. ఒక నావికుడు చనిపోయాడు. ఆ చోటికి పాయిజన్ కోవ్ అని పేరు పెట్టి వెళ్ళారు. మన దేశంలో 1981లో తమిళనాడు తీరంలో ముగ్గురు, 1983లో మంగళూరు దగ్గర కుంబ్లే ఏటి గుల్లలు తిని ఒక పిల్లవాడు చనిపోయారు. 1997 విళింజం తరువాత మంగళూరు ఫిషరీస్ కాలేజీ శాస్త్రవేత్తలు పరీక్షించి ఇదే విషమని తేల్చారు.

ఇక మన పని దగ్గరికి వద్దాం. ముందే కనిపెట్టడం ఎలా? మా ట్రేడు సగం ఇదే కదా, దూరాన వచ్చేదాన్ని ముందే పసిగట్టడం.

2005లో కోర్సు మీద గోపాల్‌పూర్‌లో ఉన్నాను. మన ఎయిర్ డిఫెన్స్ కాలేజీ అక్కడే. ఒక రాత్రి డ్యూటీ దిగి ఒడ్డుకు వెళితే అల విరిగినప్పుడల్లా నీలంగా మెరుస్తోంది. తడి ఇసుక మీద కాలు పెడితే పాదం చుట్టూ వెలుగు. కుర్రాళ్ళు బూట్లు విప్పి చిన్నపిల్లల్లా గెంతారు. ఆ ఏప్రిల్‌లో పక్కనే ఋషికుల్య నది కలిసేచోట నాక్టిల్యూకా అనే ప్లవకం వల్ల పగలు నీరు ఎర్రబడిందని శాస్త్రవేత్తలు తరువాత రాశారు. రాత్రి మెరిసేదీ పగలు ఎర్రబడేదీ ఒకటేనని నాకప్పుడు తెలియదు. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో నీలం అలలు వచ్చాయని జనం ఎగబడి ఫొటోలు తీసుకున్నారు, అదీ ఇదే. ఇందులో చిప్పల విషం లేదు. అమ్మోనియా ఉంటుంది, గుంపు చచ్చి కుళ్ళితే ఆక్సిజన్ పోతుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మన్నార్ సింధుశాఖలో ఇది పచ్చగా కమ్ముకుని చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి.

ఇలాంటి వాటిని ఆకాశం నుంచి చూడవచ్చు. ఆకులో ఉండే పత్రహరితమే ఈ నాచులోనూ ఉంటుంది. అది నీలం వెలుగును మింగి ఆకుపచ్చను వదిలేస్తుంది. ఉపగ్రహం నీలానికీ పచ్చకూ నిష్పత్తి కట్టి, ఇక్కడ నాచు ఇంత ఉందని లెక్క చెబుతుంది. మన ఓషన్‌శాట్ 1999 మే నెలలో మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. 720 కిలోమీటర్ల ఎత్తు నుంచి చూసింది. దాని తరువాత రెండోది 2009లో, మూడోది 2022 నవంబర్‌లో వెళ్ళాయి. 1997లో మనకు ఆ కన్ను ఇంకా లేదు.

ఒక చిక్కుంది. ఉపగ్రహానికి అందే వెలుగులో దాదాపు తొంభై వంతులు గాలిలోంచి వచ్చిందే. సముద్రం నుంచి వచ్చేది పదో వంతు. ఆ పదో వంతులో కూడా తీరం దగ్గర గోదావరి బురద ఉంటుంది, ఆకులు కుళ్ళిన పసుపు రంగు ఉంటుంది. యంత్రానికి బురదా నాచులాగే కనిపిస్తుంది. రాడార్ మీద కూర్చున్నవాళ్ళకు ఇది పాత బాధ. కొండ పక్కన రాడార్ పెడితే స్క్రీను నిండా కొండే. దాన్ని క్లటర్ అంటాం. విమానం ఆ తెల్లటి ముద్దలో దాక్కుంటుంది.

మనం ఏం చేస్తాం? ఇంతకుముందు వచ్చిన ప్రతిధ్వనిని ఇప్పటి దానిలోంచి తీసేస్తాం. కదలనిది చెరిగిపోతుంది, కదిలేది మిగులుతుంది. అమెరికాలో ఫ్లోరిడా తీరంలో శాస్త్రవేత్తలు సరిగ్గా ఈ ఉపాయమే పట్టారని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పలేను. ఇవాళ్టి నాచు లెక్కలోంచి గత రెండు నెలల సగటును తీసేస్తారు. అయితే చివరి రెండు వారాలను ఆ సగటులో కలపరు. ఎందుకంటే బ్లూమ్ ఇప్పటికే మొదలై ఉంటే అది సగటులో చేరి తనను తానే చెరిపేసుకుంటుంది. మిగిలిన తేడా లీటరుకు ఒక మైక్రోగ్రాము దాటితే అక్కడ జెండా పాతుతారు. అంతే! ఎక్కువ ఉన్నచోటు కాదు, కొత్తగా ఎక్కువైన చోటు. మా అమ్మాయికి ఈ క్లటర్ సంగతి చెబితే, "నాన్నా, మా మేడమ్ రెండు క్లాసులు తీసుకుంది ఇది చెప్పడానికి" అంది. జీవితంలో మొదటిసారి చదువులో ఒకరి కంటే ముందున్నాను.

జెండా పాతాక ఏం చేస్తారన్నది ముఖ్యం. స్క్రీను మీద చుక్క కనిపించగానే మనం గన్ పేల్చం. మనవాడా పరాయివాడా అని ఐ.ఎఫ్.ఎఫ్. అడుగుతాం. ఉపగ్రహానికి ఆ ప్రశ్న అడగడం రాదు. అది రంగు చూస్తుంది, జాతిని చూడదు, విషాన్ని అసలే చూడదు. అందుకని ఫ్లోరిడాలో మనిషి పడవలో వెళ్ళి సీసాలో నీళ్ళు తెస్తాడు. కరేనియా అనే వాళ్ళ విషజాతి లీటరుకు 5,000 కణాలు దాటితే చిప్పల వేట ఆపేస్తారు. 5,000 కణాలు లెక్కకు ఎక్కువగా వినిపిస్తుంది గానీ ఆ నీటిని గ్లాసులో పోస్తే తేటగానే ఉంటుంది. ఉపగ్రహానికి కనిపించాలంటే అంతకు ఎన్నో రెట్లు కావాలి.

విళింజం లాంటి విషానికి ఇది ఇంకా కష్టం. దాన్ని తెచ్చే జాతులు నీటి రంగు మారకముందే, కొద్దిపాటి సంఖ్యలోనే చిప్పలను విషం చేయగలవు. పైగా కేరళ తీరంలో అడుగునీరు పైకి వచ్చి నాచు పెరిగేది నైరుతి రుతుపవనాల కాలంలో. అప్పుడు ఆకాశమంతా మబ్బు. రంగు చూసే ఉపగ్రహానికి మబ్బు దాటి కిందకి చూపు ఆనదు. శత్రువు ఎప్పుడు వస్తాడో సరిగ్గా అప్పుడే మన పోస్టు ముందు పొగమంచు కమ్మినట్టు. 1997 ఘటన సెప్టెంబర్‌లోనే. 2004లో తిరువనంతపురం, కొల్లం తీరాల్లో సముద్రం నుంచి భరించరాని కంపు వచ్చి రెండువందల మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, వాంతులతో, ఊపిరాడక ఆసుపత్రులకు వెళ్ళింది కూడా సెప్టెంబర్‌లోనే.

కాబట్టి ఎంత ఉపగ్రహమున్నా సీసా తప్పదు. మా అమ్మాయి ప్రాజెక్టు రోజుల్లో విశాఖలో తెల్లవారకముందే మరపడవ ఎక్కేది. సీసాలో నీళ్ళు పట్టి అందులో అయోడిన్ ద్రావణం చుక్కలు వేస్తారు. కణాలు చచ్చి అడుగుకు దిగడానికి ఒక రాత్రి పడుతుంది. మర్నాడు వెయ్యి గళ్ళున్న గాజుపలక మీద పోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి ఒక్కొక్క గడి లెక్కపెట్టాలి. మెడ పట్టేసి ఇంటికి వచ్చేది. "కంప్యూటరు లెక్కపెట్టదా" అంటే నవ్వింది.

లెక్కపెట్టే యంత్రాలు బయట వచ్చాయి. అమెరికాలో వుడ్స్ హోల్ సంస్థవారు నీటిలో మునిగి ఉండి, పారే నీటిలో ప్రతి కణాన్నీ ఫొటో తీసే పరికరం తయారుచేశారు. దాన్ని టెక్సాస్ తీరంలో ఒక రేవు దగ్గర పెట్టారు. 2008 ఫిబ్రవరిలో దాని ఫొటోల్లో డైనోఫైసిస్ అనే కణాలు రోజురోజుకూ పెరగడం చూశారు. ఆ తీరానికి అది కొత్త. మనిషికి వాంతులు, విరేచనాలు పట్టించే రకం. దగ్గర్లోనే ముత్యపుచిప్పల తిరునాళ్ళు ఒకటి జరగబోతోంది, వేలాది మంది వచ్చి తినేది. అధికారులు వేట ఆపారు, అమ్మినవి వెనక్కి తెప్పించారు. ఒక్కరికీ జబ్బు చేసినట్టు నమోదు కాలేదు. ఈ కథ మన పిల్లలకు చెబితే "అయితే ఏం జరిగింది" అని అడుగుతారు. ఏమీ జరగలేదు. మన ఉద్యోగమంతా అంతే కదా, ఏమీ జరగకపోతే ఆ రోజు డ్యూటీ బాగా చేసినట్టు.

ఇదంతా ఇప్పుడున్నది కనిపెట్టడం. రాబోయేది చెప్పడం ఇంకో ఎత్తు. నాలుగు రోజుల్లో బ్లూమ్ ఎటు కొట్టుకుపోతుందో గాలి, ప్రవాహాల లెక్కతో చెప్పడం కొంత నయం. వచ్చే ఏడు వస్తుందా లేదా అన్నదే గడ్డు. అమెరికా ఈశాన్య తీరంలో గల్ఫ్ ఆఫ్ మెయిన్ అని ఒకటుంది. అక్కడి అలెగ్జాండ్రియం జాతి చలికాలంలో విత్తనంలా గట్టి పెంకు కట్టుకుని అడుగు బురదలో నిద్రపోతుంది. శాస్త్రవేత్తలు శరదృతువులో ఆ బురద తీసి విత్తనాలు లెక్కపెట్టి, వసంతంలో ఎంత లేస్తుందో చెప్పేవారు. 2008లో పెద్దగా వస్తుందన్నారు, వచ్చింది. 2010లో కూడా పెద్దగా వస్తుందన్నారు. విత్తనాలు దండిగా ఉన్నాయి మరి. రాలేదు. ఆ ఏడాది అక్కడికి వేరే రకం నీరు చేరింది, నాచుకు అది సరిపడలేదు.

వాళ్ళు ఆ తప్పును దాచుకోలేదు. ఎందుకు తప్పిందో పరిశోధించి పత్రం రాసి అచ్చువేశారు. నాకు అది నచ్చింది. మన దగ్గర తప్పుడు అలారం ఇచ్చిన సెంట్రీని ముందు తిడతాం. మరుసటి రాత్రి వాడు నిజంగా ఏదైనా చూసినా నోరు విప్పడు. ఆరు దొంగ టెలిగ్రాములు చూసిన హవల్దారు ఏడోదాన్ని జేబులో పెట్టుకుంటాడు. రెండూ ఒకే జబ్బు. ఇలా అన్నానని కుర్ర ఆఫీసర్లు ఏమీ అనుకోవద్దు.

మన దేశంలో ఈ పని చేసేది హైదరాబాదులోని ఇన్‌కాయిస్. సముద్రమే లేని ఊళ్ళో సముద్ర సమాచార కేంద్రం ఏమిటని మనవాళ్ళు నవ్వుతారు. 1999లో మొదలైంది. చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలర్లకు రోజూ చెప్పేదీ, సునామీ హెచ్చరిక ఇచ్చేదీ వాళ్ళే. ఆల్గల్ బ్లూమ్ సమాచార సేవ కూడా వాళ్ళు నడుపుతున్నారు. ఉపగ్రహ లెక్కలతో నాచు ఎక్కడ మామూలు కంటే పెరిగిందో, నీటి వేడి ఎంత తేడాగా ఉందో పటాలు వేస్తారు. తరచుగా బ్లూములు వచ్చే చోట్లు నాలుగని గుర్తించారు: అరేబియా సముద్రపు ఈశాన్య భాగం, కేరళ తీరం, మన్నార్ సింధుశాఖ, గోపాల్‌పూర్ తీరం. మా గోపాల్‌పూర్ పేరు చూసి పాత స్నేహితుడు కనిపించినట్టయింది. కొచ్చి, విశాఖ తీరాల దగ్గర నీటి నాణ్యతను కొలిచే తేలే యంత్రాలను కూడా నిలిపారు. కొచ్చిలోని మరో కేంద్ర సంస్థ, సి.ఎం.ఎల్.ఆర్.ఈ., పడవల్లో తిరిగి నమూనాలు తీసి జాతులు గుర్తిస్తుంది. అంటే దూరపు రాడారూ ఉంది, దగ్గర గస్తీ కూడా ఉంది. కానీ పదకొండు వేల కిలోమీటర్లకు పైగా ఉన్న తీరానికి ఎన్ని సీసాలు చాలతాయి?

ఇది మనకెందుకు అంటారేమో. ఒకటి, తీరంలో ఉన్న యూనిట్లకు, ఓడలకు, మెస్సులకు గుల్లలు, చిప్పలు లోకల్‌గా కొంటాం. లంగర్ కమాండర్ తాజాదనం చూస్తాడు, వాసన చూస్తాడు, ధర చూస్తాడు. ఈ విషం ఆ మూడింటికీ దొరకదు. రెండు, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లు. 2008 నుంచి 2009 దాకా గల్ఫ్ దేశాల తీరాల్లో కాక్లోడినియం అనే ఎర్రనాచు నెలల తరబడి కమ్మి, అలాంటి ప్లాంట్లు మూసుకోవాల్సి వచ్చింది. మన వాళ్ళు ఎంతమంది అక్కడ ఆ నీళ్ళే తాగుతున్నారో మీకు తెలుసు. మూడు, నౌకాదళం, కోస్ట్‌గార్డ్ సోదరులు ప్రతిరోజూ నీటి మీద ఉంటారు. మబ్బు పట్టినరోజు ఉపగ్రహానికి కనిపించనిది డెక్ మీద నిలబడ్డ మీకు కనిపిస్తుంది. నీరు ఎర్రగానో, పచ్చగానో, రంపపు పొట్టు చల్లినట్టో ఉంటే లాగ్‌బుక్కులో టైమూ, చోటూ రాయండి. ఒక సీసా నీళ్ళు నీడలో పెట్టి ఒడ్డుకు తెచ్చి ఫిషరీస్ వాళ్ళకివ్వండి. పేరు తెలియకపోయినా ఫరవాలేదు. చుక్క కనిపించిందని చెప్పడం మన పని, అదేమిటో తేల్చడం వాళ్ళ పని.

నాలుగోది నాకు సంబంధించినది. ఆ లాన్స్ నాయక్ నాయబ్ సుబేదార్‌గా రిటైరై విళింజంలోనే ఉన్నాడు. తల్లి ఆ తరువాత చాలా ఏళ్ళు బతికి, వయసు మీద పడి పోయింది. తమ్ముడు ఇప్పటికీ చిప్పి కోసం మునుగుతాడు. కిందటి వానాకాలం చివర్లో అతను నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. రాళ్ళ పక్కన నీరు ఇటుక రంగులో ఉంది. "సాబ్, రాత్రి మెరుస్తోంది కూడా. మీ అమ్మాయిని అడగండి" అని రాశాడు.

ఈసారి అది నా జేబులో పూట కూడా ఉండలేదు. అమ్మాయికి పంపాను. తను అక్కడ తనకు తెలిసిన పరిశోధక విద్యార్థికి పంపింది. మర్నాడు వాళ్ళు సీసా తీసుకెళ్ళి చూశారు. నాక్టిల్యూకా. చిప్పి విషం తెచ్చేది కాదు. నేను సంతోషంగా ఫోన్ చేసి చెబుతుంటే అమ్మాయి పక్కనుంచి, "నాన్నా, తినొచ్చని చెప్పకండి. ఆ నీళ్ళలో ఎక్కువగా ఉన్నది అదీ అని మాత్రమే తేలింది. చిప్పలను పరీక్షిస్తే గానీ చెప్పలేం" అంది. అదే చెప్పాను.

ఆ వారమంతా తమ్ముడు నీళ్ళలోకి దిగలేదట. చిప్పలకు ఏమీ కాలేదని తరువాత తేలింది. "మంచిదే సాబ్, కానీ ఆ వారం కూలి ఎవరిస్తారు?" అని అడిగాడు. కోపంగా కాదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ పెద్ద పెద్ద హోదాల్లో పనిచేసినవారు ఉన్నారు, మీలో ఎవరికైనా తెలిస్తే భోజనాల దగ్గర నాకు చెప్పండి, రాత్రికే అతనికి ఫోన్ చేస్తాను.

జై హింద్.